యాభై గుంటల చెక్క

స్వర్ణముఖికి పెద్ద నీళ్ళొచ్చి, మూడు దినాలు కాళహస్తికి బస్సులు పోని ఏడు ఒకటుండాది. దానికి మరుసటేడు, మార్చి నెల. తిరపతిలో కొండ కింద ఒక కాలేజీ. డిగ్రీ రెండో ఏడు పిల్లోళ్ళకు స్టాటిస్టిక్స్ ప్రాక్టికల్ పరీక్ష బేస్తవారం అని నోటీసు అంటించినారు.

సోమవారం పొద్దున చిన్నబ్బ ల్యాబు తలుపు తీసి, బీరువాలో నుంచి పూసల పెట్టె దించి బల్లమీద పెట్టినాడు. టేకు పెట్టె. రెండు జేనల పొడుగు, జేనెడు వెడల్పు. దాంట్లో వెయ్యి పూసలు, ఎర్రవీ తెల్లవీ కలిసి. పెట్టెతో బాటు ఒక చెక్క. చెక్క మీద యాభై గుంటలు, ఒక్కో గుంటలో ఒక్క పూస పట్టేటంత. పెట్టెను బాగా కదిలించి, చెక్కను పూసల్లోకి ముంచి వాలుగా ఎత్తితే మీదున్నవి జారిపోయి, యాభై మాత్రం గుంటల్లో నిలస్తాయి. వాటిలో ఎర్రవి ఎన్నో ఎంచి రాసుకోవాల. మళ్ళీ పెట్టెలోకి వొంపేయాల. అట్ల పది సార్లు.

చిన్నబ్బ ఆ ల్యాబులో అటెండరు. చదువు మూడో తరగతి కాడ నిలిచిపోయింది. పద్నాలుగేండ్లుగా ఆ పెట్టెను దించతా, ఎత్తతా ఉండాడు. దించిన ప్రతిసారీ పూసల్ని చాటలో పోసి దుమ్ము పోయేట్టు ఊదుతాడు. చూపుడువేలికి తడిగుడ్డ చుట్టి చెక్కలో ఒక్కొక్క గుంటా తుడస్తాడు. ఎవురూ చెయ్యమని చెప్పలేదు. మాట తక్కువ మనిషి. పని కనపడితే చేస్తాడు, అంతే.

జయచంద్ర సార్ వచ్చినాడు. ఆయన ఈ పిల్లోళ్ళకు లెక్చరరు. నలభై ఏండ్లు లేవు. పాఠం బాగా చెప్తాడు. బోర్డు మీద ఆయన గీసే గంట మాదిరి వంపుగీత చూసేదానికి పక్క క్లాసు పిల్లోళ్ళు గూడా కిటికీల్లో నిలబడతారు.

"సంభావ్యత అంటే ఏంది?" అన్నాడు సార్. "తెలీని దాన్ని తెలీదని ఒప్పుకొని, ఎంతవరకు తెలిసిందో లెక్కగట్టి చెప్పడం. ఈ పెట్టెలో ఎర్రవి ఎన్నో మీకు తెలీదు. కుప్ప పోసి ఎంచకూడదు. యాభై తీసి చూసి మొత్తం గురించి చెప్పాల. ఒకసారి ఎనిమిది వస్తాయి, ఒకసారి పన్నెండు వస్తాయి. ఎట్ల తిరిగినా పది చుట్టూనే తిరగతాయి."

"పదే ఎందుకు సార్?" అని రెండో బెంచీలో నుంచి లోహిత అడిగింది.

"పెట్టెలో రెండువందలు ఎర్రవి గదమ్మా. ఐదింటికి ఒకటి."

"తెలీదంటిరే సార్."

క్లాసంతా నవ్వింది. సార్ గూడా నవ్వి, "నాకు తెలుసు. మీకు తెలీదు" అన్నాడు.

వాళ్ళకూ తెలుసు. పోయినేడు చదివినోళ్ళ రికార్డులు అందరి సంచుల్లో ఉండాయి. పదిహేను మంది వరసగా వచ్చి పెట్టె ముందర నిలబడినారు. కొందరు ఒకసారి ముంచినారు, రెండుసార్లు ముంచినట్టు చెయ్యి ఊపినారు. వంశీ అనే పిల్లోడయితే మూత మీద మోచెయ్యి ఆనించుకొని, మూత తియ్యకనే పది, తొమ్మిది, పదకొండు, పది అని రాసుకుంటా పోయినాడు.

"మూత తియ్యవా?" అన్నాడు చిన్నబ్బ.

"పూసలకు గాలి తగల్తాది తాతా, జలుబు చేస్తాది" అన్నాడు వంశీ.

లోహిత ఒక్కతే పనిగా ముంచింది. రేణిగుంట నుంచి పొద్దున ప్యాసింజరుకు వచ్చే పిల్ల. వాళ్ళ నాయన ఆడ గోడౌన్లో మూటలు మోస్తాడు. ఆ యమ్మి పెట్టెను రెండు చేతులా పట్టి, పక్కలకూ ముందుకూ వెనక్కూ కదిలించి, కండ్లు మూసుకొని చెక్క ముంచింది. ఎత్తి, ఎంచి, రాసి, వొంపింది. పదిహేను. మళ్ళీ కదిలించింది. పదహారు. పద్నాలుగు. పదిహేడు. పదమూడు. పదహారు. పదిహేను. పద్దెనిమిది. పద్నాలుగు. పదిహేను.

సార్ రికార్డులు దిద్దుకుంటా వచ్చి ఆ యమ్మి కాడ నిలిచిపోయినాడు.

"ఇదేందమ్మా? పదింట్లో ఒక్కటి గూడా పది లేదే?"

"రాలేదు సార్."

"రాకపోవడమేంది? పద్నాలుగు మందికి వచ్చింది."

"నాకు ఇవే వచ్చినాయి సార్."

"సరిగ్గా కదిలించి ఉండవు. ఎర్రవి కంటికి బాగుండాయని చెక్క అటువైపు తోసింటావు."

"కండ్లు మూసుకొని ముంచినా సార్."

"కండ్లు మూసుకుంటే ఎంచిందెవురు?" అన్నాడు వంశీ వెనకనుంచి. అందరూ నవ్వినారు. సార్ నవ్వలేదు. ఎర్రసిరా పెన్ను తీసి ఆ పేజీ మీద అడ్డంగా 'తప్పుడు రీడింగు' అని రాసినాడు. సంతకం పెట్టకుండా రికార్డు మూసి చేతికిచ్చినాడు.

"బేస్తవారం చిత్తూరు నుంచి ఎక్స్‌టర్నల్ మేడం వస్తారు. ఆమె ముందర మళ్ళా ముంచు. పది చుట్టూ వస్తే ఈ పేజీ కొట్టేసి కొత్తది రాయి, సంతకం పెడతా. లేకపోతే వచ్చేయేడు చూసుకుందాం."

రికార్డు మీద సంతకం లేనిది పరీక్షకు కూసోనీరు. అది అందరికీ తెలుసు. లోహితకు ఇంకోటి గూడా తెలుసు. ఒక్క పరీక్ష తప్పినా చదువు మానిపించి గోడౌన్లో చీటీలు రాసేదానికి పెడతానని వాళ్ళ నాయన దసరాకే చెప్పేసినాడు.

క్లాసు విడిచినాక పిల్లోళ్ళంతా క్యాంటీనుకు పోయినారు. చిన్నబ్బ పెట్టె ఎత్తబోతే లోహిత చెయ్యి అడ్డం పెట్టింది.

"తాతా, ఒక్క గంట ఉండనీ. ఇంకా ముంచాల."

"వచ్చింది రాసేస్తివి గదా పాపా."

"పదిసార్లు ముంచితే పొరపాటు పడొచ్చు. ఇంకో ఇరవై సార్లు ముంచితే పొరపాటు తగ్గతాది. నువ్వు కదిలించు. నా చేతిలో ఏందో ఉండాదని గదా సార్ అంటా ఉండేది? నీ చేత్తో కదిలించు."

చిన్నబ్బ తలకు చుట్టిన తువ్వాలు తీసి భుజాన ఏసుకున్నాడు. పెట్టెను ఎత్తి, వడ్లు చెరిగినట్టు కదిలించినాడు. ఆ యమ్మి ముంచింది. పదహారు. మళ్ళీ కదిలించినాడు. పద్నాలుగు. కిటికీలో నుంచి ఎండ బల్లమీదికి వచ్చి, బల్ల దాటి నేలమీదికి దిగింది. ఇరవై సార్లయినాయి. లోహిత కాగితం మీద కూడి చూసింది.

"మొత్తం ముప్పై సార్లు. పదిహేను వందల పూసలు చూసినా తాతా. నాలుగు వందల అరవై నాలుగు ఎర్రవి. అంటే వెయ్యికి మూడువందల తొమ్మిది. రెండువందలు గాదు."

"వెయ్యి ఉండాయిలే పాపా. పోయిన నెలే ఎంచినా. ఒక్కటి తగ్గలేదు."

"వెయ్యి ఉంటాయిలే. ఎర్రవి ఎన్ని అని."

"రంగు ఏదైతే ఏమి? పూస పూసే గదా."

లోహిత చెక్క కింద పెట్టి ఆయన మొగం చూసింది. నవ్వొచ్చింది ఆ యమ్మికి. అంత దిగుల్లో గూడా నవ్వింది.

"తాతా, పద్నాలుగేండ్లుగా ఈ పెట్టె మోస్తా ఉండావే! రంగే గదా పాఠం. రంగు లేకపోతే ఈడ ఏమీ లేదు."

చిన్నబ్బ పెట్టెమీద చేతులట్లే పెట్టుకొని నిలబడిపోయినాడు. ఆ యమ్మి సంచి తీసుకొని రైలుకు పరిగెత్తింది.

సంగతేమంటే, ఏటా పూసలు పోతాయి. తెల్లవి ముత్యాల మాదిరి మెరస్తాయి. ఆడపిల్లోళ్ళు ఒకటో రెండో గుప్పిట్లో పెట్టుకొని పోతారు, గాజులకు కట్టుకునేదానికి. ఎర్రవి ఎద్దుల మెడకు కట్టే పూసల మాదిరి ఉండాయని ఎవురూ ముట్టరు. మార్చి ఆఖరులో సూపర్నెంటు శాంతయ్య స్టాకు పుస్తకం చంకన పెట్టుకొని వస్తాడు. పుస్తకంలో 'పూసలు, వెయ్యి' అని ఉండాది. రంగు రాసి లేదు. "వెయ్యి ఉండాయా చిన్నబ్బా?" "ఉండాయి." టిక్కు పెట్టి పోతాడు. ఆ మాట అబద్ధం కాకూడదని చిన్నబ్బ ముందే ఎంచి, తగ్గినన్ని తెచ్చి కలిపేవాడు. గోవిందరాజస్వామి గుడి సందులో పూసలంగడి సుబ్బులమ్మ కాడ పెండ్లిండ్ల కాలంలో తెల్లవి దొరకవు. ఎర్రవి ఎప్పుడూ ఉంటాయి. ఆయన ఎర్రవే తెచ్చేవాడు. పద్నాలుగేండ్లలో ఒక్క పూస లోటు రానీలేదని లోపల్లోపల కొంచెం గర్వం గూడా ఉండేది.

పొద్దుగూకి ఇల్లు చేరితే పెండ్లాం కుప్పమ్మ సంగటి పెట్టింది.

"ఏందయ్యా, ముద్ద చేతిలో పెట్టుకొని దాని మొగం చూస్తా ఉండావు? అది నీతో మాట్లాడదు, నువ్వు దాంతో మాట్లాడవు. తిను."

చిన్నబ్బ నాలుగు మాటల్లో చెప్పినాడు. పూసలు. రంగు. పాప. సంతకం.

కుప్పమ్మ గరిటె పట్టుకొని విరగబడి నవ్వింది.

"ఓ యమ్మా! ఎంతమంది పంతుళ్ళ లెక్క మాపినావయ్యా! ఒక మాట ఎవురినన్నా అడిగి చావకూడదా? అడిగితే నోరు అరిగిపోతాదా?"

"పాప ఏడు పోతాది."

"ఎందుకు పోతాది? ఎక్కువైన ఎర్రవి తీసెయ్. అన్నే తెల్లవి పొయ్యి. బేస్తవారం ఆ పిల్ల ముంచితే వాళ్ళ సారు చెప్పిందే వస్తాది. సంతకం పెడతాడు. నిన్నెవురూ అడగరు. ఇంతే గదా, దీనికి సంగటి చల్లార్చుకుంటా ఉండావు."

చిన్నబ్బకు అది బాగానే తోచింది. ముద్ద పప్పులో అద్దుకొని తిన్నాడు.

మంగళవారం ఏడింటికంతా ల్యాబులో ఉండాడు. నేలమీద చాప పరిచి పూసలు పోసినాడు. ఎర్రవి ఒక పక్కకు, తెల్లవి ఒక పక్కకు. ఐదేసి పూసలు వేళ్ళతో లాగి, ఇరవై సార్లు లాగితే ఒక చింతపిక్క పక్కన పెట్టినాడు. ఎర్రవాటికి మూడు చింతపిక్కలయినాక నాలుగు పూసలు మిగిలినాయి. మళ్ళీ ఎంచినాడు. అంతే. మూడువందల నాలుగు. నిన్న ఆ పాప కుప్ప పొయ్యకుండానే మూడువందల తొమ్మిది అనింది. చిన్నబ్బ ఆ నాలుగు పూసలూ అరచేతిలో పెట్టుకొని కొంచేపు చూసినాడు.

మధ్యాన్నం సుబ్బులమ్మ అంగడికి పోయినాడు. నూటా నాలుగు తెల్లవి గావాలంటే ఆమె కండ్లు పెద్దవి చేసింది.

"ఎప్పుడూ ఎర్రవి తీసుకునే మనిషివి, ఏందప్పా ఈసారి? కుప్పమ్మకు హారమా?"

"కాదు."

"మరి ఎవురికి?"

"పెట్టెకు."

సుబ్బులమ్మ పెండ్లోళ్ళకని దాచిన తెల్లవి తీసి, ఎంచి పొట్లం కట్టింది.

ఆ సాయంత్రం చిన్నబ్బ నూటా నాలుగు ఎర్రవి తీసి, తెల్లవి పోసి, వెయ్యి సరిచేసి పెట్టె మూసినాడు. తీసిన ఎర్రవి పారేసేదానికి చెయ్యి రాలేదు. తువ్వాలు కొంగులో మూటగట్టి కిటికీ కమ్మీకి తగిలించినాడు.

బుధవారం లోహిత వసారాలో కనపడింది. మొగం పీక్కపోయి ఉండాది. "నాయనకు ఇంకా చెప్పలేదు తాతా" అనింది.

"చెప్పొద్దు. రేపు వస్తాది."

"ఏమొస్తాది?"

"పది."

ఆ యమ్మి ఆయన్ని ఒక తీరుగా చూసింది. "ఎట్లొస్తాది తాతా? రాదు" అని పోయింది.

బేస్తవారం తొమ్మిదింటికి ప్రసన్నకుమారి మేడం చిత్తూరు బస్సు దిగి వచ్చింది. పొట్టి మనిషి. కండ్లద్దాలు తలమీదికి నెట్టుకొని, పెట్టెను తట్టి, చెక్కను తిరగేసి గుంటలు చూసింది.

"గుంటల్లో దుమ్ము లేని చెక్క నేను ఏ కాలేజీలోనూ చూళ్ళేదు. ఎవురప్పా తుడిచేది?"

చిన్నబ్బ మంచినీళ్ళ చెంబు బల్లమీద పెట్టి వాకిలి కాడికి పోయి నిలబడినాడు.

జయచంద్ర సార్ సంగతి చెప్పినాడు. "ఒకమ్మాయి రికార్డు ఆపినాను మేడం. రీడింగులు అస్సలు కుదర్లేదు. మీ ముందర ముంచమంటాను."

"ముంచనీండి."

లోహిత వచ్చి పెట్టె కదిలించింది. ముంచి, ఎత్తి, ఎంచింది. పది. వొంపింది. మళ్ళీ. ఎనిమిది. ఆ యమ్మి తల ఎత్తి పెట్టెను చూసింది. పదకొండు. తొమ్మిది. పన్నెండు. వాకిట్లో చిన్నబ్బ ఒక్కో అంకెకూ ఒక్కో ఊపిరి వదల్తా ఉండాడు. పది. ఏడు. పదకొండు. పది. తొమ్మిది.

"చూసినావా!" అన్నాడు జయచంద్ర సార్. ఆయన మొగం గూడా తేలికపడింది. చెడ్డ మనిషి గాదు. "శ్రద్ధ పెట్టి ముంచితే ఎట్లా వస్తాదో. కొట్టెయ్ ఆ పాత పేజీ. ఇది రాయి. ఇదో, సంతకం పెడతా." పెన్ను మూత తీసి పట్టుకున్నాడు.

లోహిత రికార్డు తెరిచింది. పాత పేజీ మీద పెన్ను పెట్టింది. పెట్టి, కదల్లేదు.

కొట్టెయ్ తల్లీ అని చిన్నబ్బ లోపల అనుకున్నాడు. ఒక్క గీత. ఒక్క గీత గీస్తే ఇంటికి పోవచ్చు.

"సార్" అనింది లోహిత. "పాతది తప్పు గాదు సార్."

"మళ్ళా మొదలెట్టినావా? ఇప్పుడు నీ చేతుల్తోనే గదా..."

"ఇదీ తప్పు గాదు సార్. రెండూ నిజమే. పెట్టె మారింది."

క్లాసు పెద్దగా నవ్వింది. "పెట్టెకు దెయ్యం పట్టింది మేడం" అన్నాడు వంశీ.

"పెట్టె ఎట్ల మారతాదమ్మా?" అన్నాడు సార్. "నేను చదివేటప్పటి నుంచి ఇదే పెట్టె. సంతకం పెడతానంటే వద్దంటావేంది? ఒక్క గీత కొట్టేదానికి ఏమి నొప్పి?"

"కొడితే సోమవారం నేను అబద్ధం రాసినట్టు సార్."

మేడం కండ్లద్దాలు తలమీది నుంచి ముక్కుమీదికి దించింది. "ఉండండి సార్. ఏమ్మా, మారిందని ఎట్ల చెప్తావు? చాక్‌పీసు తీసుకో."

లోహిత బోర్డు కాడికి పోయింది. మొదట అక్షరాలు వంకరపోయినాయి, తర్వాత నిలబడినాయి. సోమవారం పదిహేను వందల పూసల్లో నాలుగు వందల అరవై నాలుగు. ఈ పొద్దు ఐదు వందల్లో తొంభై ఏడు. వెయ్యికి అది మూడువందల తొమ్మిది, ఇది నూటా తొంభై నాలుగు. వర్గమూలం కట్టింది. ఒకసారి తప్పు పోయి, అరచేత్తో తుడిచి మళ్ళీ కట్టింది. 

"ఒకే పెట్టె అయితే ఇంత తేడా లక్షసార్లలో ఒకసారి గూడా రాదు మేడం. సోమవారానికీ ఈ పొద్దుకూ మధ్యలో ఎవురో ఎర్రవి తీసినారు."

"ఎన్ని?"

"నూటా పదిహేను మేడం." చాక్‌పీసుతో గీత కింద గీత గీసింది. "నలభై అటూ ఇటూ."

"తాళం చిన్నబ్బ కాడ గదా ఉండేది" అన్నాడు జయచంద్ర సార్. అందరూ వాకిలి పక్కకు తిరిగినారు.

చిన్నబ్బ కిటికీ కాడికి పోయినాడు. కమ్మీకి ఉన్న తువ్వాలు తీసి, పంటితో పట్టి ముడి విప్పి, పూసలు బల్లమీద పోసినాడు. ఎర్రవి. కొన్ని దొర్లి కింద పడినాయి. వంగి, ఏరి, కుప్పలో కలిపినాడు.

"నూటా నాలుగు" అన్నాడు.

మేడం వంశీని పిలిచి ఎంచమనింది. వాడు ఈసారి నిజంగానే ఎంచినాడు. నూటా నాలుగు.

"ఎందుకు తీసినావప్పా?" అనింది మేడం.

అంత పొడుగు మాట చిన్నబ్బ ఆ ల్యాబులో ఎప్పుడూ మాట్లాడలేదు. "తెల్లవి పోతా వచ్చినాయి. పోయినప్పుడల్లా ఎర్రవి ఏస్తా వచ్చినా. బుక్కులో వెయ్యి అని ఉండాది, రంగు లేదు. మొన్న పాప చెప్తే తెలిసింది. ఎంచితే మూడువందల నాలుగు ఉండాయి. నూటా నాలుగు తీసి అన్నే తెల్లవి పోసినా."

"ఎందుకు అంటా ఉండా."

"పాపకు పది రావాలని."

"తాతా!" అనింది లోహిత. నవ్వాలో ఏడవాలో తెలీని మొగం. "నాకు మేలు చెయ్యబోయి నన్ను తప్పు చేసేస్తివే తాతా!"

చిన్నబ్బ తల దించుకున్నాడు. ఇంక మెమో ఇస్తారని అనుకున్నాడు. కానీ మేడం బల్లమీద చెయ్యి కొట్టి నవ్వతా ఉండాది. నవ్వి నవ్వి కండ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకొనింది.

"నూటా పదిహేను, నలభై అటూ ఇటూ అనింది. నూటా నాలుగు ఉండాది. ఇరవై రెండేండ్లుగా పాఠం చెప్తా ఉండా, పెట్టెలో చెయ్యి పెట్టినోణ్ణి లెక్కతో పట్టుకున్న పిల్లను ఈ పొద్దే చూసినా." తర్వాత క్లాసు పక్కకు తిరిగింది. నవ్వు పోలేదు గానీ గొంతు మారింది. "సరే. సోమవారం ఈ పెట్టెలో మూడువందల నాలుగు ఎర్రవి ఉండాయి. అదే పెట్టెలో మీ పద్నాలుగు మందికీ పది ఎట్ల వచ్చిందబ్బా?"

బెంచీల కింద చెప్పులు కదిలినాయి.

"చెప్పండి. నేను కొట్టను."

వంశీ లేచినాడు. "మేడం, మాకు సీనియర్లు చెప్పినారు."

"వాళ్ళకు?"

"వాళ్ళ సీనియర్లు మేడం."

నవ్వు ఆపుకోలేక ఒకరి వీపు మీద ఒకరు పడినారు. జయచంద్ర సార్ నవ్వలేదు. బోర్డు మీది లెక్కను మొదట్నుంచి చివరిదాకా, వేలు పెట్టి ఒక్కో వరసా చదివినాడు. తప్పు లేదు. మెల్లగా అన్నాడు, "మేడం, నేనూ ఈ కాలేజీలోనే చదివినా. నా రికార్డులో గూడా పదే ఉండాది."

"ముంచినారా సార్?"

సార్ చెవులు ఎర్రబడినాయి. "...ముంచినట్టు గుర్తులేదు మేడం."

ఈసారి ఆయన గూడా నవ్వినాడు. లోహిత రికార్డు తీసుకొని, సోమవారం పేజీ తెరిచి, తాను అడ్డంగా రాసిన 'తప్పుడు రీడింగు' మీద తన పెన్నుతో తానే గీత కొట్టినాడు. కింద సంతకం పెట్టినాడు. పక్క పేజీలో ఈ పొద్దు అంకెలు రాయించి దానికీ పెట్టినాడు. పెట్టినాక రికార్డు వెంటనే ఇయ్యలేదు. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూసి, "తేడా గూడా ఒక పేజీలో కట్టమ్మా, వర్గమూలంతో. అదీ సంతకం పెడతా" అన్నాడు.

మేడం చిన్నబ్బను పిలిచింది. "ఈ పెట్టె తీసుకొని బయటికి పో. ఇవి గూడా తీసుకో. నీ ఇష్టమొచ్చినన్ని ఎర్రవి ఎయ్యి, నీ ఇష్టమొచ్చినన్ని తెల్లవి తియ్యి. ఎన్నో నాకు గూడా చెప్పొద్దు. చెప్తే పరీక్ష పాడైపోతాది."

"చెప్పను" అన్నాడు చిన్నబ్బ.

"అది నీకు పెద్ద కష్టం గాదనుకుంటా" అన్నాడు వంశీ.

వసారాలో చిన్నబ్బ గోడకు వీపు ఆనించి కూసున్నాడు. పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇన్నేండ్లకు మొదటిసారి రంగు చూసి పూస తీసినాడు. ఎన్ని తీసినాడో, ఎన్ని ఏసినాడో ఎంచి మనసులో పెట్టుకున్నాడు. వెయ్యి మాత్రం వెయ్యే ఉంచినాడు. మూత మూసి, కదిలించి, లోపలికి తెచ్చి పెట్టినాడు.

ఆ దినం ల్యాబులో పూసల సద్దు మధ్యాన్నం దాకా ఆగలేదు. ఒక్కొక్కరూ పదిసార్లూ ముంచినారు. వంశీ చొక్కా చేతులు పైకి మడిచి, నాలిక బయటపెట్టి ఎంచినాడు. పన్నెండోసారి ముంచబోతే సార్ చాలన్నాడు. "ఉండండి సార్, నమ్మకం కుదర్లేదు" అన్నాడు వాడు. లోహిత రైలు టైముకు అందరికంటే ముందు రాసిచ్చి, వాకిట్లో చిన్నబ్బ కాడ నిలబడింది.

"తాతా, నేను రాసింది ఎంతో చూస్తావా?"

చిన్నబ్బ అడ్డంగా తల ఊపినాడు. ఆ యమ్మి నవ్వి, మెట్లు దిగి పోయింది. దిగేటప్పుడు రెండేసి మెట్లు దాటింది.

ఆ రాత్రి కుప్పమ్మ ఏమయిందని అడిగితే, "పట్టుకునింది" అని మాత్రం చెప్పినాడు.

శుక్రవారం రెండో బ్యాచీకి పరీక్ష. చిన్నబ్బ ఎప్పుడూ లేంది ఆరున్నరకే వచ్చి తాళం తీసినాడు. చాప మీద పూసలు పోసి, ఏరి, కొత్తగా కలిపి పెట్టె మూసినాడు. గుంటలు తుడస్తా ఉంటే వసారాలో బూట్ల సద్దయింది. జయచంద్ర సార్. ఇంకా ఎనిమిది గాలేదు. సార్ అటూ ఇటూ చూసి లోపలికి వచ్చి, బల్లమీదికి వంగి, గొంతు తగ్గించి అడిగినాడు.

"చిన్నబ్బా, ఈ పొద్దు ఎన్ని ఏసినావు? నాకొక్కడికి చెప్పప్పా."

చిన్నబ్బ చివరి గుంట తుడిచి, పెట్టె మూత తీసి, చెక్కను సార్ చేతికి ఇచ్చినాడు.